కాలవలో పడ్డ జిప్సీ: ఇంటి షెడ్డులో అయ్యే పని, కాని పని

ఈసారి కోడింగ్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. కెమెరా కూడా సిమెంటు నేల మీద పెట్టాను, కాస్త వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి. నా వెనకాల ఉన్నది మా మావయ్య బండి. 1999 మోడల్ మారుతి జిప్సీ కింగ్, సాఫ్ట్ టాప్. అంటే పైన రేకు ఉండదు, ఇనప కమ్మీల మీద కాన్వాస్ కప్పుతారు. ఎండాకాలం సాయంత్రం ఆ గుడ్డ విప్పేసి కరకట్ట మీద వెళ్తుంటే, ఆ గాలి ఇప్పటి ఏ సన్‌రూఫ్‌లోనూ రాదు. బయటి దేశాల్లో చిన్న కన్వర్టిబుల్ అంటే మాజ్డా మియాటా లాంటి రెండు సీట్ల కార్లు గుర్తొస్తాయి. మన దగ్గర మామూలు మనిషి కొనుక్కోగలిగిన టాప్ లేని బండ్లంటే చాలా ఏళ్లు ఇదీ, మహీంద్రా జీపులూ, అంతే.

2023 నవంబరులో ఈ బండి కాలవలో పడింది. ఉయ్యూరు దాటాక లోపలికి వెళ్లే ఒక కాలవ గట్టు రోడ్డు, రాత్రి పూట, ఎదురుగా వెనక లైట్లు కాదు కదా ముందు లైట్లు కూడా సరిగ్గా లేని ధాన్యం ట్రాక్టరు. మావయ్య పక్కకి తప్పించాడు, ఎడమ చక్రాలు గట్టు మట్టిలోకి దిగాయి, బండి ఒక పల్టీ కొట్టి నీళ్లలో పడింది. అదృష్టం ఏంటంటే పక్క గుడ్డ జిప్పు ఊడిపోయి, ఆ సందులోంచి బయటికొచ్చాడు. దురదృష్టం ఏంటంటే పైన గుడ్డే ఉండడం వల్ల భుజం ఎముక విరిగింది. రెండూ ఒకే గుడ్డ వల్ల. ఈ విషయం తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం.

పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. మావయ్య "ఇచ్చేయ్ రా, దాని మొహం నాకు చూపించకు" అన్నాడు. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ మాత్రమే, కాబట్టి రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నా అంతే అయ్యేది: రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ అంటారు. పాతికేళ్ల బండికి ఆ విలువ ఎంత రాస్తారో మీకు తెలుసు కదా. ఒక బంపరూ, రెండు ఫెండర్లూ వేస్తే దాటిపోతుంది.

నేను మాత్రం వద్దన్నాను. క్లచ్ అంటే ఏంటో నాకు తెలిసింది ఈ బండిలోనే. బీటెక్ సీటొచ్చినప్పుడు పెట్టే బేడా హాస్టల్‌కి చేరింది ఈ బండిలోనే. అప్పటికే హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టి ఉన్నా. మా అమ్మ అన్న మాట, "కంప్యూటరు ముందు కూర్చోవడం మానేసి ఇనుము ముందు కూర్చున్నావు, ఏదో ఒకటి ముందు పెట్టుకుని కూర్చోవడమే నీ పని." నిజమే.

సరే, విషయంలోకి వద్దాం. పడిపోయిన బండిని ఇంట్లో బాగు చేయొచ్చా అని అడిగితే, ముందు తేల్చాల్సింది బండి ఎలా ఉందన్నది కాదు. దాని ఎముక ఎక్కడుందన్నది.

ఒక మిఠాయి అట్టపెట్టె తీసుకోండి. మూతతో పట్టుకుని మెలిపెట్టండి, కదలదు. మూత తీసి మెలిపెట్టండి, చేతిలో వంకర్లు పోతుంది. ఇప్పుడొచ్చే కార్లన్నీ దాదాపు ఆ పెట్టె లాంటివే. విడిగా చాసిస్ ఉండదు, రేకు బాడీయే చాసిస్. దీన్నే మోనోకాక్ అంటారు. అందులో టాప్ కూడా బలంలో భాగం. అందుకే అలాంటి కారుకి కంపెనీయే టాప్ తీసేసి కన్వర్టిబుల్ చేస్తే, తలుపుల కింద ఉండే గడప లాంటి భాగాన్ని మందం చేసి, అడుగున అడ్డ కమ్మీలు వేసి ఆ లోటు పూడుస్తుంది. ఆ కారు గట్టిగా గుద్దుకుంటేనో, గడపలు తుప్పు పట్టి కోయాల్సి వస్తేనో, ముందు తలుపు సందులో ఇనప కడ్డీలు అడ్డంగా బిగించి అప్పుడు కోయాలి. లేకపోతే కారు మధ్యలోంచి కుంగుతుంది, తర్వాత తలుపు మూసుకోదు. నా మాట వినండి, అది ఇంటి షెడ్డు పని కాదు.

జిప్సీ అలా కాదు. ఇది సుజుకీ జిమ్నీ, అంటే బయట సామురాయ్ పేరుతో అమ్మిన బండి అన్నదమ్ములది. 1985 చివర్లో మన దగ్గర మొదలైంది. కింద నిచ్చెన లాంటి చాసిస్, దాని మీద రబ్బరు బుష్‌లు పెట్టి బోల్టులతో బిగించిన బాడీ. టాప్ ఉన్నా లేకపోయినా బలం నిచ్చెనది. నిచ్చెన బాగుంటే మిగతాదంతా విప్పి మళ్లీ బిగించుకునే సామానే. నిచ్చెన పోతే మీరు ఎంత మంచి పెయింటు వేసినా ఆ బండి రోడ్డు మీద పీతలాగ పక్కకి నడుస్తుంది.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. కొలవకుండా కొన్నాను. జనవరిలో బండిని సింగ్‌నగర్‌లో మా ఇంటి కింద పార్కింగ్‌లోకి తెచ్చాం. తెచ్చిన వారంలోనే ఆటోనగర్ వెళ్లి విండ్‌షీల్డ్ ఫ్రేము, రెండు ఫెండర్లు, బానెట్, రేడియేటర్ కొనేశాను. బయటివాళ్లకి చెప్పాలంటే, మన ఆటోనగర్ ఒక షాపుల వీధి కాదు, ఒక ఊరు. 1960ల్లో లారీల వాళ్ల కోసం మొదలైంది. లేత్‌లు, బాడీ బిల్డింగ్ షెడ్లు, పాత సామాను కొట్లు, రేడియేటర్ల వాళ్లు, కమాను కట్టల వాళ్లు, అన్నీ ఒక్కచోటే. జిప్సీ సామాను దొరుకుతుందా అని చాలామందికి అనుమానం. మామూలు జనానికి అమ్మడం 2019 నాటికి ఆగిపోయినా, సైన్యం ఈ బండిని ఏళ్ల తరబడి వేలల్లో వాడింది. కాబట్టి సామాను ఇంకా తిరుగుతూనే ఉంది. అది చూసి నాకు ఉత్సాహం ఎక్కువైంది. ఇంటికొచ్చి కొత్త ఫెండర్ పెట్టి చూస్తే ఒకపక్క బోల్టు కూర్చుంది, రెండో పక్క బోల్టు వేలు మందం దూరంలో ఆగింది. అప్పుడు గుండె జారింది.

కొలవడం ఎలాగో చెప్తా, ఖరీదైన మిషన్ ఏమీ అక్కర్లేదు. ఇల్లు కట్టే మేస్త్రి దగ్గర గుండు, దారం ఉంటాయి కదా, అదే. వీధిలో కుర్రాళ్లు ఎనిమిదిమంది పట్టి బాడీని చాసిస్ మీంచి లేపి పక్కన పెట్టాం. చాసిస్‌ని నాలుగు స్టాండ్ల మీద ఎక్కించాను. చాసిస్‌కి కంపెనీ వేసిన కన్నాలు రెండు వైపులా ఒకేలా ఉంటాయి: బంపరు బోల్టు కన్నం, కమాను కట్ట బిగించే చోటు, బాడీ బుష్ కన్నాలు. ఒక్కో కన్నం మధ్యలోంచి గుండు వేలాడదీసి నేల మీద సుద్దతో చుక్క పెట్టాలి. అన్నీ అయ్యాక చాసిస్ సంగతి మర్చిపోయి ఆ చుక్కల్ని చూడండి. ముగ్గు పెట్టినట్టే ఉంటుంది. ఎడమ ముందు చుక్క నుంచి కుడి వెనక చుక్కకి టేపు పెట్టండి, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి పెట్టండి. రెండూ సమానంగా రావాలి. మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా వస్తే మీ టేపు తప్పో, సుద్ద మందమో అనుకోవచ్చు. నాకు ముందు భాగంలో 14 మిల్లీమీటర్లు వచ్చింది. మూడుసార్లు కొలిచాను, చివరిసారి మా చెల్లి టేపు పట్టుకుంది, మళ్లీ 14.

ఇది పక్కవాటు. మెలిక వేరే చూడాలి. దానికీ మేస్త్రీల పద్ధతే, పారదర్శకంగా ఉండే పైపులో నీళ్లు పోసి రెండు చివర్లా మట్టం చూడడం. ఆ మెలిక అంతగా లేదు. బండి పల్టీ కొట్టింది కానీ నీళ్లలో, బురదలో పడింది, అందుకే బతికింది.

ఆ 14 మిల్లీమీటర్లు ఇంట్లో సరిచేయగలనా? యూట్యూబ్‌లో చెట్టుకి గొలుసు కట్టి లాగేవాళ్లు ఉన్నారు. నేను చేయలేదు. చాసిస్‌ని టాటా ఏస్‌లో వేసుకుని ఆటోనగర్‌లో లారీ చాసిస్‌లు సరిచేసే షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్ద మేస్త్రి చూసి నవ్వాడు, "ఇది బొమ్మ బండండీ" అని. కానీ ఆ బొమ్మ బండికి రెండు పూటలు పట్టింది. గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచితే పావుగంటలో అవుతుంది. ఆయన కాల్చలేదు. చల్లగానే గొలుసులు కట్టి, హైడ్రాలిక్ జాకీతో కొంచెం లాగడం, వదలడం, కొలవడం. ఎందుకంటే ఇనుము వదలగానే కొంచెం వెనక్కొస్తుంది, అందుకని కావాల్సినదానికంటే కాస్త ఎక్కువ లాగాలి. ఎర్రగా కాల్చితే ఆ చోట ఇనుము గుణం మారిపోతుంది, రేపు గుంతలో పడ్డప్పుడు అక్కడే లొంగుతుంది. చివరికి తేడా మూడు దగ్గర ఆగింది. ఈ మొత్తం పనిలో నేను డబ్బు సంతోషంగా ఇచ్చిన చోటు ఇదొక్కటే.

ఇంకో మాట. చాసిస్ మొత్తం మార్చేస్తే పోలా అనుకోవచ్చు. చాసిస్ మీద నంబరు కొట్టి ఉంటుంది, ఆర్‌సీలో ఉన్నది ఆ నంబరే. నంబరున్న ముక్క కోసి ఇంకో చాసిస్‌కి అతికిస్తే అది రిపేరు కాదండీ, నేరం. దొంగబండ్లకి కాగితాలు పుట్టించేది సరిగ్గా ఇలాగే, ప్రమాదంలో పోయిన బండి ఆర్‌సీ కొని. కాబట్టి మీరెవరైనా పడిపోయిన బండి కొంటుంటే, ముందు ఆ నంబరు చుట్టూ వెల్డింగ్ మచ్చ ఉందేమో వేలితో తడిమి చూడండి.

ఇప్పుడు ఇంజిన్. కాలవ నీళ్లలో పడ్డ బండికి మనవాళ్లు చేసే మొదటి పని ఏంటి? సెల్ఫ్ కొట్టి చూడడం. దయచేసి కొట్టకండి. సిలిండర్‌లో పిస్టన్ పైకొచ్చేటప్పుడు గాలిని సుమారు తొమ్మిదో వంతుకి నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. గ్లాసెడు నీళ్లు లోపల ఉన్నా పిస్టన్ గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది, కింద కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గులు విప్పాలి, ఇంజిన్‌ని చేత్తో తిప్పాలి, ఆ కన్నాల్లోంచి నీళ్లు చిమ్మి బయటికొస్తాయి. తర్వాత సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి వదిలేయాలి.

మా బండిని కాలవలోంచి లాగినవాళ్లు సెల్ఫ్ కొట్టారో, నీళ్లలో పడ్డప్పుడే తిరుగుతూ ఉండి పోయిందో తెలీదు. హెడ్ విప్పి నాలుగు పిస్టన్లనీ ఒక్కొక్కటే పై అంచుకి తెచ్చి కొలిచాను. మూడూ ఒకే ఎత్తు, మూడో సిలిండర్‌ది మాత్రం ముప్పావు మిల్లీమీటరు కిందే ఆగింది. అంటే రాడ్ వంగి పొట్టిదైందన్నమాట. కంటికి కనపడదు, స్టార్ట్ కూడా అవుతుంది, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఏ హైవే మీదో రాడ్ విరిగి బ్లాకు బయటికొస్తుంది. నాలుగు రాడ్లూ మార్చాను.

అందరూ మర్చిపోయేది ఇరుసుల సంగతి. జిప్సీలో ఆయిల్ ఉండే చోట్లు అయిదు: ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు ఇరుసు, వెనక ఇరుసు. బండి నడిచి నడిచి వేడిగా ఉన్న ఇరుసు చల్లటి నీళ్లలో పడితే లోపలి గాలి ముడుచుకుని, గాలి వదలడానికి పెట్టిన చిన్న గొట్టంలోంచి, సీళ్లలోంచి నీళ్లు పీల్చుకుంటుంది. వెనక ఇరుసు డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ రాలేదు, పాలెక్కువైన కాఫీ వచ్చింది. ముందు చక్రాల మలుపు దగ్గర గ్రీజు ఉండాల్సిన చోట మన కృష్ణా ఒండ్రు, నల్లగా, మెత్తగా. పంటకి బంగారం, బేరింగుకి ఇసుక కాగితం.

ఆగస్టు చివరికి చాసిస్ పెయింటు అయింది, ఇంజిన్ స్టాండ్ మీద రెడీ. ఇంకో రెండు నెలల్లో రోడ్డెక్కుతుంది అనుకున్నాం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వచ్చింది.

సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి వీధిలో మోకాలి లోతు, చూస్తుండగా నడుము దాకా. కరెంటు లేదు. మా నాన్న ఫ్రిజ్ గురించి, అమ్మ బియ్యం గురించి చూస్తుంటే నేనూ పక్కింటి తమ్ముడూ ఇంజిన్‌కి వెదురు బొంగు కట్టి మెట్లెక్కించాం. అల్యూమినియం బ్లాకు కాబట్టి, గేర్‌బాక్స్ విడిగా ఉంది కాబట్టి అయింది. మెట్ల మలుపు దగ్గర పెట్టి వెనక్కి తిరిగేసరికి చాసిస్ మునిగిపోయింది. కరెంటు లేని ఆ రోజుల్లో పడవలో వచ్చే పాల ప్యాకెట్ల కోసం కిందికి చూస్తూ, మధ్యలో ఆ నీళ్ల వైపు చూస్తూ గడిపాను. మనుషులు పోయిన వరదలో ఒక చాసిస్ గురించి బాధపడ్డానని చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కానీ బాధపడ్డాను.

నీళ్లు తీశాక పైకి చూస్తే పెయింటు నిగనిగలాడుతోంది. మోసపోవద్దు. నిచ్చెన కమ్మీలు గుల్ల పెట్టెలు. ఆ గుల్లలోకి నీళ్లు కన్నాల్లోంచి వెళ్తాయి, ఒండ్రు లోపల పేరుకుపోతుంది, నీళ్లు బయటికొచ్చే కన్నాలు అదే మట్టితో మూసుకుపోతాయి. ఆ తడి మట్టి ఏళ్ల తరబడి లోపల్నుంచి తినేస్తుంది. బయట పెయింటు బాగుంటుంది, వేలితో నొక్కితే దిగబడుతుంది. వరద బండి కొనేవాళ్లకి ఇదొక్కటి గుర్తుంటే చాలు: సీటు కవర్లు వాసన చూడడం కాదు, చాసిస్ కన్నంలో సన్నటి తీగ పెట్టి తిప్పి తీయండి, మట్టి వస్తుందేమో చూడండి. నేను వాటర్ సర్వీసింగ్ పంపు అద్దెకి తెచ్చి మూడు రోజులు కడిగాను. వెనక అడ్డ కమ్మీలోంచి రెండు సిమెంటు బొచ్చెల మట్టి వచ్చింది. ఎండలో వారం ఆరబెట్టి, తుప్పుని ఆపే మైనం లాంటి మందు సన్నటి గొట్టంతో లోపలంతా కొట్టాను. ఆ నెలంతా ఊళ్లో ఏ మెకానిక్‌ని పిలిచినా, వర్క్‌షాపు ముందు మునిగిన కార్ల వరస చూపించి దండం పెట్టేవాడు. అందుకే చాలావరకు నేనే నేర్చుకోవాల్సి వచ్చింది.

బాడీ పనిలో ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తా. మామూలు గేట్లు చేసే కరెంటు వెల్డింగ్ ఈ రేకుకి పనికిరాదు, కన్నం పడుతుంది. సీవోటూ వెల్డింగ్ కావాలి. అది కూడా బారుగా గీత గీసినట్టు కొట్టకూడదు. ఇక్కడో చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, చల్లారాక మధ్యలో ఇంకోటి. లేకపోతే రేకు అప్పడంలా అలలు తేలుతుంది. వెల్డింగ్ ముందు బ్యాటరీ విప్పండి. పెట్రోల్ ట్యాంకు విప్పి షెడ్డు బయట పెట్టండి, ఖాళీ ట్యాంకే కదా అనొద్దు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే పేలేది పెట్రోలు కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. ఇంటి కింద చేస్తున్నాం, పైన అమ్మావాళ్లు నిద్రపోతున్నారు, అది మర్చిపోకూడదు.

ఇక ఆ గుడ్డ దగ్గరికి వద్దాం. మా ఇంట్లో అందరూ అన్నది ఒకటే, రేకు టాప్ వేయించు. నాకూ అనిపించింది. కానీ ఆర్‌సీలో రాసిన దానికి, కంపెనీ చేసిన దానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పైగా మెత్తటి రేకు టాప్ పల్టీలో మనిషిని కాపాడుతుందన్న నమ్మకం నాకు లేదు. కాపాడేది గట్టి పైపు కమాను, అదే రోల్ బార్. జీపులకి అలంకారానికి వేసే నికెల్ పైపులు కాదండోయ్. వాటిని పల్చటి ఫ్లోరు రేకుకి రెండు వెల్డింగ్ చుక్కలతో అంటిస్తారు, పల్టీ కొడితే అదే రేకుని చీల్చుకుని కిందికి దిగుతుంది. నేను అతుకులేని పైపు తీసుకుని, ఫ్లోరు పైనా కిందా మందపాటి ప్లేట్లు పెట్టి, చాసిస్ దాకా బోల్టులు దించాను. తల తగిలే ఎత్తులో మెత్తటి ప్యాడింగ్. బెల్టు పెట్టుకోకపోతే రోల్ బారే తల పగలగొడుతుంది, అందుకే కొత్త బెల్టులు. పైపు బిగించకముందే కాగితం మీద బొమ్మ గీసుకుని రవాణా ఆఫీసుకి వెళ్లి చూపించి అడిగి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాను. మీరూ ముందే అడగండి, బిగించాక అడిగితే జవాబు వేరేగా ఉంటుంది.

రిజిస్ట్రేషన్ ముచ్చట కూడా ఉంది. సొంత బండికి మొదట 15 ఏళ్లు, తర్వాత అయిదేసి ఏళ్లు. మాది 2014లో, 2019లో అయింది. 2024 జూన్‌లో గడువు తీరేనాటికి బండి ముక్కలుగా ఉంది. ఆలస్యానికి అదనపు రుసుం, గ్రీన్ ట్యాక్స్, అన్నీ కట్టి, 2025 ఎండాకాలంలో తనిఖీకి తీసుకెళ్లాం. చాసిస్ నంబరు మీద పెన్సిలు రుద్ది కాగితం మీద అచ్చు తీసినప్పుడు ఆ అంకెలు ఒక్కొక్కటీ స్పష్టంగా పడ్డాయి. రెండుసార్లు మునిగిన ఇనుము మరి.

ఖర్చు అడుగుతారు కదా, చెప్తా. ఆ డబ్బుతో నడుస్తున్న ఇంకో జిప్సీ కొనొచ్చు. లాభం కోసం అయితే ఈ పని చేయకండి. ఎడమ మూల కాన్వాస్ ఇప్పటికీ కారుతోంది, రెండో గేరులో చిన్న ఏడుపు ఉంది, అది ట్రాన్స్‌ఫర్ కేస్‌దని నా అనుమానం, వచ్చే నెల విప్పుతా.

మావయ్య ఏడాదిన్నర పాటు ఈ షెడ్డు వైపు రాలేదు. పేపర్లు వచ్చిన రోజు వచ్చాడు. చుట్టూ తిరిగాడు, పైపు కమానుని పట్టుకుని ఊపి చూశాడు, కదల్లేదు. "ఇది అప్పుడుంటే?" అన్నాడు. నేనేం చెప్పలేదు. తాళం ఇవ్వబోతే వద్దని పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. కరకట్ట దాకా వెళ్లొచ్చాం. కాలవ వచ్చిన చోటల్లా ఆయన చెయ్యి ఆ పైపు మీదే ఉంది. దిగేటప్పుడు మాత్రం "క్లచ్ మీద కాలు తియ్యరా, ఎన్నిసార్లు చెప్పాలి" అన్నాడు.